పోలే పోలే

మా ఇంట్లో బీరువాలో, పట్టుచీరల అడుగున, ఒక సర్టిఫికెట్ ఉంది. దాని మీద నా పేరుంది, టాంజానియా వాళ్ళ ముద్రుంది, నేను చేరిన చోటు స్టెల్లా పాయింట్, ఎత్తు 5756 మీటర్లు అని ఉంది. కిలిమంజారో శిఖరం ఎత్తు 5895. తేడా 139 మీటర్లు. నోటిలెక్కే. ఆ తీసివేత చెయ్యని మనిషి మా కాలేజీ స్టాఫ్ రూములో లేరు.

"ఇంతకీ ఎక్కినట్టా, ఎక్కనట్టా మేడమ్?" అని మా ఫిజిక్స్ మాస్టారు అందరి ముందూ అడిగారు. మా అత్తయ్యగారైతే వీధి వీధంతా "మా కోడలు ఎక్కేసింది" అని చెప్పేశారు. ఇప్పుడు నేను కాదంటే ఆవిడ మాట పోతుంది. ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

నేను విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. వెళ్ళేనాటికి నాకు 48 ఏళ్ళు. నాకు కిలిమంజారో పిచ్చి పట్టింది కొండ వల్ల కాదు, ఒక మొక్క వల్ల. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక పుస్తకంలో నలుపు తెలుపు ఫొటో చూశాను. డెండ్రోసెనీషియో. కుటుంబం చూస్తే మన చేమంతిదే. కానీ మన చేమంతి మోకాలి దగ్గర ఆగిపోతే, ఇది భూమధ్యరేఖ దగ్గర కొండల మీద ఇంటి కప్పుని దాటే మానై నిలబడుతుంది. పాత ఆకులు ఎండిపోయినా రాల్చదు. వాటినే కాండం చుట్టూ దట్టంగా కప్పుకుంటుంది, ముసలాయన గొంగళి కప్పుకున్నట్టు. అక్కడ ఏడాదికొకసారి చలికాలం రాదు, రోజూ రాత్రి వస్తుంది. పగలు ఎండాకాలం. ఇరవై ఐదేళ్ళుగా పిల్లలకి ఆ బొమ్మ బోర్డు మీద గీసి చూపిస్తున్నాను, కంటితో ఎప్పుడూ చూడలేదు.

"శిఖరం నాకక్కర్లేదండీ, ఆ మొక్కని చూస్తే చాలు" అని మావారితో అన్నాను. ఆ మాట అబద్ధమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

డబ్బు ఇరవై నెలల చీటీ పాట పాడి తెచ్చాను. సెలవు దసరాకి కాలేజీ ఇచ్చేది కొంత, ఈఎల్ కొంత. 2024 దసరా అది. దసరా అంటే మా ఊరికి పండగ దశమితో అయిపోదు. ఆ తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. అరవై అడుగుల దాకా ఉండే చింతమాను చివర కుర్చీ కట్టి, అందులో పూజారి కూర్చుంటే, ఆ మానుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్ళు విసురుతారు. పుట్టి బుద్ధెరిగాక నేను సిరిమాను చూడని ఏడు లేదు. "సిరిమాను మానుకుని కొండలెక్కడమేటి?" అని అత్తయ్యగారు మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మావారు మాత్రం నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పేరు ఎత్తారు. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిందని, ఆ తర్వాత కిలిమంజారో కూడా ఎక్కిందని గుర్తు చేశారు. ఆ పిల్ల ఎక్కిన వయసుకీ నా వయసుకీ ముప్ఫై ఐదేళ్ళ తేడా ఉందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ప్రాక్టీసుకి సింహాచలం మెట్లు. వీపున ఆరు కేజీల బియ్యం సంచి. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ కూడా చేశాను. అవన్నీ చేసి కాళ్ళు గట్టిపడ్డాయని ధీమాగా ఉంటే, ఒక రాత్రి మ్యాపు చూస్తూ కూర్చున్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన తూర్పు కనుమల్లో అన్నింటికంటే ఎత్తైన కొండ 1700 మీటర్లు కూడా లేదు. కిలిమంజారోలో నడక మొదలయ్యే మచామే గేటే సుమారు 1800 మీటర్లు. అంటే మన దగ్గర కొండలు అయిపోయిన చోట అక్కడ గేటు పెట్టారు.

మాకు ముందుగానే పంపిన కాగితాల్లో ఒక స్వాహిలీ మాట పెద్దక్షరాలతో ఉంది. పోలే పోలే. మెల్లగా, మెల్లగా అని. కొండ మీద అడుగడుక్కీ గైడ్లు ఆ మాటే అంటారట. మావారికి చదివి వినిపించాను. ఆయన చదువుతున్న పేపరు దించి, "వెళ్ళకముందే పోలే పోలే అంటున్నారేమిటి? శకునం బాలేదే" అన్నారు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

నిజానికి నాకు భయమేసింది శకునానికి కాదు, అర్థానికి. మా ఉత్తరాంధ్రలో ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచి వినే మాట "బేగి". బేగి లే, బేగి వండు, బేగి రా. నలభై ఎనిమిదేళ్ళు బేగి బేగి అని బతికిన మనిషికి మెల్లగా నడవడం ఎవరు నేర్పుతారు?

ముంబై మీదుగా అడిస్ అబాబా, అక్కణ్ణుంచి కిలిమంజారో ఎయిర్‌పోర్టు. ఇథియోపియా మీదుగా వెళ్తాం కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా ముందే వేయించుకున్నాను. మోషీ అనే ఊళ్ళో ఒక రాత్రి. మా గుంపులో ఎనిమిది మందిమి, అందరం ఇండియా వాళ్ళమే. నా టెంటులో పుణె నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి. అందరికంటే పెద్దాయన నాసిక్ నుంచి, రైల్వేలో రిటైరయ్యారు, 63 ఏళ్ళు.

గేటు దగ్గర మొదటి షాకు తూకం. మా ఎనిమిది మందికి ముప్ఫై మంది దాకా సిబ్బంది: గైడ్లు, వంటాయన, మిగతా అంతా పోర్టర్లు. ఒక్కో పోర్టరు మోసేది 20 కేజీలు దాటకూడదని పార్కు నియమం. ప్రతి మూటా కాటా మీద పెట్టి చూస్తారు. అందుకని మన పెద్ద బ్యాగు 15 కేజీల్లోపే ఉండాలి. నాది ముప్పావు కేజీ ఎక్కువొచ్చింది. అది ఏమిటో నాకు తెలుసు. ఆవకాయ స్టీలు డబ్బా. ప్లాస్టిక్ కవర్లు ఆ దేశంలో 2019 నుంచే నిషేధం, డబ్బాకి చుట్టిన కవర్లు హోటల్లోనే వదిలేయమన్నారు. అందువల్ల ఏడు రోజులూ ఆవకాయ ఒక పాత టవల్లో చుట్టుకుని నా వీపు మీదే ప్రయాణం చేసింది. నూనె కారింది కూడా. ఆ టవల్ని ఇప్పటికీ పారెయ్యలేదు.

రెండో షాకు పిలుపులు. మా పెద్ద గైడు చగ్గా జాతి మనిషి. చగ్గా వాళ్ళు ఆ కొండ పాదాల దగ్గర అరటి, కాఫీ తోటలు వేసుకుని తరతరాలుగా ఉంటున్నవాళ్ళు. ఆయనకి నలభై ఉంటాయేమో. నన్ను చూసి వంగి, "కరీబు, మామా" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరి మామా అని. కరీబు అంటే రండి అని. మామా అంటే అక్కడ నా వయసు ఆడవాళ్ళని గౌరవంగా పిలిచే మాట, అమ్మా అని. నాసిక్ పెద్దాయన్ని "బాబు" అన్నారు. బాబు అంటే వాళ్ళకి తాత. నేను మా అబ్బాయిని ఇరవై ఏళ్ళుగా బాబూ బాబూ అని పిలుస్తున్నాను!

మొదటి రోజంతా అడవి. తడి అడవి. పెద్ద పెద్ద మానుల నుంచి నాచులు, ఉస్నియా లైకెన్లు ముసలివాళ్ళ గెడ్డాల్లా వేలాడుతుంటాయి. కింద బాట పక్కన ఒక చిన్న ఎర్రపువ్వు, చివర పసుపు, తోక వంకర తిరిగి ఏనుగు తొండంలా. ఇంపేషియన్స్ కిలిమంజారీ. ప్రపంచంలో ఈ కొండ మీద తప్ప ఇంకెక్కడా పెరగదు. మన పెరట్లో పెంచే చిలకముక్కు పువ్వుకి స్వయానా చుట్టం. ఇక్కడ చిలకముక్కు, అక్కడ ఏనుగు తొండం. నేను ఆ పువ్వు ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోతే పుణె అమ్మాయి కంగారుపడి, "ఆంటీ, ఊపిరి ఆడట్లేదా?" అంది.

లేవబోతూ వేరు తట్టుకుని మోకాలు కొట్టుకున్నాను. పక్కనే వెళ్తున్న పోర్టరు కుర్రాడు తలమీద మూటతో ఆగి, "పోలే, మామా" అన్నాడు. మెల్లగానే కదా నడుస్తున్నాను అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర పెద్ద గైడు విడమరిచి చెప్పాడు. రెండుసార్లంటే మెల్లగా. ఒక్కసారంటే అయ్యో అని, ఏమనుకోవద్దు అని.

ఆ కుర్రాడు మోసేది మా టాయిలెట్ టెంటు. ఆ సామాను మొత్తం. నాకు మొదటి రెండు రోజులూ అతని ముఖం చూడ్డానికి సిగ్గేసింది. మన వైపు ఇలాంటి పని ఎవరి చేత చేయించామో, వాళ్ళని ఎక్కడ నిలబెట్టామో మనకి తెలియనిది కాదు. మూడో రోజు ధైర్యం చేసి మాట కలిపాను. మోటారు సైకిలు కొని మోషీలో కిరాయికి తిప్పుకోవాలని డబ్బు దాస్తున్నాడట. ఆ సామానే ఎందుకు మోస్తున్నావని అడిగాను. దానికి కొంచెం ఎక్కువిస్తారు, పైగా మిగతా మూటల్లాగా ఎవడూ మార్చుకుందాం అని అడగడు అన్నాడు, నవ్వుతూ. నా సిగ్గు నాకే ఎబ్బెట్టుగా అనిపించింది.

తిండి సంగతి కొంచెం రాయాలి. రోజూ సూపులు. గుమ్మడి సూపు, క్యారెట్ సూపు, కీర దోస సూపు కూడా. సాయంత్రం నాలుగింటికి పేలాలు, టీ. టీని వాళ్ళూ చాయ్ అనే అంటారు, చపాతీని చపాతీ అనే అంటారు. పొద్దున్నే "ఉజి" అని గంజి ఇచ్చేవారు. మూడో రోజు దాని రంగు చూసి వంటాయన్ని పిండి చూపించమన్నాను. చోళ్ళు! మీరు రాగులు అంటారు, మేము చోళ్ళంటాం. మా అమ్మమ్మ పొలం నుంచి రాగానే తాగే చోడి అంబలి, టెంటులో, మూడువేల ఎనిమిదొందల మీటర్ల ఎత్తున, ఎనామెల్ కప్పులో. ఇంకో మాట. ఆ గింజ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెరక నేలలే. వేల ఏళ్ళ కిందట అక్కణ్ణుంచే మన దేశానికొచ్చింది. అంటే నేను ఆవకాయ పట్టుకెళ్ళి అంబలి పుట్టింటి వాళ్ళింట్లో కూర్చున్నాను. చగ్గా వాళ్ళు అరటిపళ్ళకి ఈ చోళ్ళ మొలకపిండి కలిపి "ఎంబెగే" అని కల్లు కాస్తారు. ఆవకాయ వంటాయనకి రుచి చూపిస్తే, కళ్ళమ్మట నీళ్ళు తిరిగి, మర్నాడు మళ్ళీ అడిగాడు.

మూడో రోజు శనివారం, విజయదశమి. ఆ రోజు పని 4600 మీటర్ల పైన ఉన్న లావా టవర్ అనే రాతిగుట్ట దాకా ఎక్కి, మళ్ళీ 3900 చిల్లర దగ్గరున్న బరాంకో క్యాంపుకి దిగి పడుకోవడం. పైకెక్కి కిందికొచ్చి పడుకుంటే ఒళ్ళు పల్చటి గాలికి అలవాటు పడుతుందని లెక్క. లావా టవర్ దగ్గర మధ్యాహ్నం భోజనం పెట్టారు. నేను పెట్టింది పెట్టినట్టు వాంతి చేసుకున్నాను. తల ఎవరో రోలు మీద పెట్టి నూరుతున్నట్టుంది. ఎత్తు పడక వచ్చే జబ్బుకి ముందు జాగ్రత్తగా డయామాక్స్ మాత్ర రెండు పూటలా వేసుకుంటూనే ఉన్నాను. దాని వల్ల వేళ్ళు తిమ్మిరెక్కడం, రాత్రి నాలుగుసార్లు లేవడం తప్ప వేరే ప్రయోజనం అప్పటికి కనిపించలేదు.

కానీ బరాంకోకి దిగుతుంటే మబ్బు విడింది. లోయ నిండా అవే.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. ఒక్కోటి రెండు నిలువుల ఎత్తు, కొన్ని ఇంకా ఎత్తు. కొమ్మ కొమ్మ చివరా క్యాబేజీ లాంటి ఆకుల గుత్తి. నేను బోర్డు మీద ఇరవై ఐదేళ్ళుగా గీసింది తప్పు. ఎండిన ఆకుల పొర నేను గీసినట్టు బుట్టలా ఉండదు, చిలవలు పలవలుగా, చెయ్యి పెడితే చెయ్యి మునిగిపోయేలా ఉంటుంది. పెట్టి చూశాను. బయట చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే లోపల వెచ్చగా లేదు గానీ, చలీ లేదు. పక్కనే చిన్న వాగు ఒడ్డున లొబీలియా డెకెనీ. దాని ఆకుల గుత్తి మధ్య నీళ్ళు నిలిచి ఉంటాయి. రాత్రి ఆ నీళ్ళ పైపొర గడ్డకడుతుంది, అడుగున ఉన్న మొగ్గ గడ్డకట్టకుండా బతుకుతుంది. మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్ళి చూశాను. పైన అద్దంలా మంచు పలక. గోటితో తట్టాను. కింద నీరు కదిలింది.

దసరాకి జమ్మి ఆకు పంచుకోవడం మన అలవాటు. ఒక ఆకు తెంపి పుస్తకంలో పెట్టుకుందామా అని చెయ్యి లాగింది. పార్కులో ఏదీ తెంపకూడదు. బోటనీ మేడమే దొంగతనం చేస్తే ఎలా అని ఊరుకున్నాను. ఆ సాయంత్రం నాకు నిజంగానే శిఖరం అక్కర్లేదనిపించింది. వచ్చిన పని అయిపోయింది. ఆ రాత్రి తిరిగి వెళ్ళిపోయినా బాధ ఉండేది కాదు. మర్నాటి నుంచే పాడైంది బుద్ధి.

నాలుగో రోజు బరాంకో గోడ. చూడ్డానికి భయం పుట్టిస్తుంది కానీ, చేతులూ కాళ్ళూ రెండూ వాడుతూ ఎక్కితే గంటన్నర పని. ఒకచోట బండని కావలించుకుని జరగాలి, ఆ బండకి ముద్దుబండ అని పేరు. ఎక్కాక నాకు పొగరొచ్చింది. ఐదో రోజు సోమవారం మధ్యాహ్నానికి బరాఫు క్యాంపు, 4673 మీటర్లు. బరాఫు అంటే మంచుగడ్డ. హిందీ వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొక్కలు అయిపోయాయి. రాళ్ళ మీద లైకెన్లు, అంతే. బోటనీ టీచరుకి అక్కడ పనేమీ లేదు. అయినా నా కళ్ళు పైకే పోతున్నాయి.

పెద్ద గైడు సాయంత్రం వచ్చి "సా సితా" కి బయల్దేరతాం అన్నాడు. సితా అంటే ఆరు కదా, పొద్దున్నే ఆరా అనుకున్నాను. కాదు, అర్ధరాత్రి. స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచీ సూర్యాస్తమయం నుంచీ లెక్క. మన పాతకాలపు ఘడియల లెక్కలాగే. సరిగ్గా పొద్దుగూకిన ఆరో గంటకి బయల్దేరాం.

ఆ రాత్రి గురించి వర్ణించి చెప్పడానికి ఏమీ లేదు. చీకటి, గుల్లరాయి, ముందున్నవాళ్ళ మడమలు. ద్వాదశి నాటి చంద్రుడు మూడు దాటాక దిగిపోయాడు. తర్వాత హెడ్ టార్చి వెలుగులో రెండు చదరపు అడుగుల నేల తప్ప ప్రపంచం లేదు. నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. అద్దెకి తీసుకున్న కోటు జిప్పు సగంలో ఆగిపోయింది, పిన్నీసులు పెట్టుకున్నాను. అడుగు వేసి రెండు ఊపిర్లు, మళ్ళీ అడుగు. పోలే పోలే. శిఖరం దగ్గర గాలిలో అందే ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర అందే దాంట్లో సగమే. నాకు ఎక్కాలు గుర్తొచ్చాయి, పదమూడో ఎక్కం అప్పజెప్పుకుంటూ నడిచాను. పదమూడారులు దగ్గర ప్రతిసారీ తప్పిపోయింది. అది అప్పుడే ఎవరికైనా చెప్పి ఉండాల్సింది.

తెల్లవారింది. తూర్పున మావెంజీ శిఖరం నల్లగా, పళ్ళు ఊడిన దువ్వెనలా, దాని వెనక ఎర్రటి గీత. ఆరూ నలభైకి స్టెల్లా పాయింట్ బోర్డు పట్టుకుని నిలబడ్డాను. అగ్నిపర్వతం బిలం అంచు అది. ఎడం పక్క రెబ్‌మన్ హిమానీనదం. 1848లో రెబ్‌మన్ అనే మిషనరీ భూమధ్యరేఖ పక్కన మంచుకొండ చూశానని రాస్తే ఐరోపాలో నమ్మలేదు. 1912 నుంచి 2007 లోపు ఈ కొండ మీది మంచులో 85 శాతం పోయింది. నేను చూసింది మిగిలినదాంట్లో మిగిలింది. అయినా ఆ ఎండకి నీలంగా మెరుస్తుంటే నోట మాట రాలేదు.

మాట రాకపోవడానికి అందం ఒక్కటే కారణం కాదని గైడుకి అర్థమైంది. నా ముందుకొచ్చి నల్లద్దాలు తీయించాడు.

"మీ పేరేంటి?" చెప్పాను.

"ఏం పని చేస్తారు?" చెప్పాను. చెప్పింది తెలుగులో అని పుణె అమ్మాయి తర్వాత చెప్పింది.

"ఇవాళ ఏ రోజు, మామా?"

"సిరిమాను" అన్నాను.

ఆయన మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ అదే చెప్పాను, కొంచెం కోపంగా. ఇంత చిన్న విషయం తెలీదా ఈ మనిషికి అని. నా మనసులో మంగళవారం అని స్పష్టంగానే ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం అది.

కర్రతో నేల మీద గీత గీశాడు. మడమకి కాలివేలు ఆనించి పది అడుగులు వెయ్యమన్నాడు. మూడో అడుగులో కూర్చుండిపోయాను. మళ్ళీ లేపాడు. ఈసారి నాలుగో అడుగు పడలేదు. నేల సిరిమాను చివరి కుర్చీలా ఊగుతోంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టిన మీటరు 64 శాతం చూపించింది. ఆ ఎత్తులో అంకె తగ్గడం వింత కాదు, తేడా నడకలో ఉంది. మెదడులో వాపు మొదలైనప్పుడు ముందు పోయేది ఆ నడకేనట.

నేను వాదించాను. చీటీ డబ్బు గురించి, ముప్పావు గంట నడకే కదా అని, ఎదురుగా బోర్డు కనిపిస్తోంది కదా అని. కనిపించట్లేదు నిజానికి. ఏడ్చాను కూడా. చెంపల మీద చల్లగా ఆగిపోయింది. మొక్క చూస్తే చాలన్న మనిషిని, 5756 మీటర్ల దగ్గర కొడుకు వయసు వాళ్ళ ముందు, లెక్చరర్ని, పసిపిల్లలా.

ఆయన వాదించలేదు. నా బ్యాగు తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. నా భుజాలు పట్టి కిందికి తిప్పాడు.

"పోలే, మామా" అన్నాడు. ఒక్కసారే.

గుల్లరాయిలో జారుకుంటూ దిగాం, ఆయన చెయ్యి నా చంకలో. 5000 దాటి దిగేసరికి పదమూడారులు డెబ్బై ఎనిమిది అని దానంతటదే వచ్చింది. పైకి చెప్పాను. ఆయనకి ఎక్కం అర్థం కాలేదు కానీ నా గొంతు విని తలూపాడు. బరాఫులో అరగంట పడుకోబెట్టి, మళ్ళీ గీత గీసి నడిపించి, అదే రోజు మ్వెకా క్యాంపుకి, మూడువేల మీటర్లకి, దింపేశారు.

మా ఎనిమిది మందిలో ఆరుగురు శిఖరం చేరారు. నాసిక్ బాబుగారు కూడా! ఆయన ఫొటో చూసి "కంగ్రాట్స్" అన్నాను కానీ లోపల భగ్గుమంది, అబద్ధమెందుకు. పుణె అమ్మాయి రెండు రోజులు నా వెంట పడింది. "బోర్డు ఫొటోలో మిమ్మల్ని కలిపేస్తా ఆంటీ, ఎవరికీ తెలీదు" అని. వద్దు అన్నాను. రెండో రోజు అడిగినప్పుడు వద్దనడానికి కొంచెం టైము పట్టింది.

దిగేటప్పుడు గైడు ఒక కథ చెప్పాడు. 1889లో ఈ శిఖరం మొదట ఎక్కినవాళ్ళుగా పుస్తకాల్లో ఉండేది జర్మన్ హాన్స్ మెయర్, ఆస్ట్రియన్ పుర్త్‌షెలర్. మెయర్ అంతకు రెండేళ్ళ ముందు వచ్చి వెనక్కి దిగిపోయాడు. 1888లో మళ్ళీ వస్తే కొండ దగ్గరికి రాకముందే తిరుగుబాటుదారులకి దొరికిపోయాడు. మూడోసారికి గానీ పని కాలేదు. వాళ్ళకి దారి చూపింది యొహానీ లావో అనే చగ్గా కుర్రాడని కొండ కింద మారంగు అనే ఊరి వైపు చెప్పుకుంటారు. నన్ను ఓదార్చడానికి చెప్తున్నాడనుకున్నాను. కాదు, లావో గురించి చెప్పడానికి చెప్పాడు. స్టెల్లా ఎవరని నేనే అడిగాను. 1925లో భర్త కింగ్స్‌లీ లేథమ్‌తో కలిసి ఆ అంచు దాకా వచ్చిన ఎస్టెల్లా అనే ఆవిడ పేరట.

బుధవారం సాయంత్రం మోషీ హోటల్లో అందరికీ టిప్పులు ఇచ్చే కార్యక్రమం. పాటలు, చప్పట్లు. మోటారు సైకిలు కుర్రాడికి నా హెడ్ టార్చి కూడా ఇచ్చాను. వంటాయన ఆవకాయ డబ్బా అడుగు గీకి తీసుకున్నాడు. అక్కడే మొదటిసారి వైఫై సరిగ్గా అందింది, మా అబ్బాయి ముందురోజు పంపిన వీడియోలు టపటపా వచ్చిపడ్డాయి. సిరిమాను. మూడు లాంతర్ల దగ్గర జనసముద్రం, ఆకాశంలో వంగిన మాను, చివర పూజారి, ఎగురుతున్న అరటిపళ్ళు. నేను చూస్తుంటే పెద్ద గైడు నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏమిటిది?"

"ఇదే. నేను పైన చెప్పింది. సిరిమాను. ప్రతి ఏడూ మా ఊళ్ళో, దసరా తర్వాత మంగళవారం."

ఫోను నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చూశాడు. ఆ మనిషిని కుర్చీకి కట్టేస్తారా, ఎంత ఎత్తు, కిందికి దించేదెవరు అని అన్నీ పనివాడి ప్రశ్నలే అడిగాడు. అరటిపళ్ళు చూసి నవ్వాడు. తర్వాత ఫోను తిరిగిచ్చి, కాసేపు ఆలోచించి అన్నాడు:

"అయితే మీ జవాబు కరెక్టే, మామా. నడకే తప్పు."